పూడ్చిన బావి మీదుగా తీగ

ఫ్యాక్టరీలో కంప్యూటర్లు నిదానంగా నడుస్తున్నాయని హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరును పిలిపించారు. ఎనభైల చివరి మాట. ఆ నిదానానికి సగం కారణం నా మొగుడు. అప్పటికి ఆయన బతికున్నాడో లేదో ఎవరికీ తెలియదు.

జగ్గయ్యపేట బయట ఆ సిమెంటు ఫ్యాక్టరీ కట్టేటప్పుడు, డెబ్భైల్లో, ఆ నేలలో పాత మోటబావి ఒకటి ఉండేది. రాళ్ళూ మట్టీ పోసి పూడ్చారు. మా ఆయన ఆ పనిలో ట్రాక్టరు వెంట తిరిగే కూలీ. ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి బావి గట్టు ఒక పక్క లోపలికి జారి ఉంది. ఆయన లేడు. చొక్కా ట్రాక్టరుకు వేలాడుతోంది. గట్టుతో పాటు పోయాడని కొందరన్నారు. కోదాడ వైపు పోయే లారీ ఎక్కుతుంటే చూశామని కొందరన్నారు.

"చొక్కా లేకుండా కోదాడ ఎవడు పోతాడయ్యా?" అని అడిగాను.

"కోపంలో పోయేవాడికి చొక్కా గుర్తుంటదా?" అన్నారు.

ముందురోజు మా ఇద్దరికీ మాటామాటా వచ్చిన సంగతి వీధి వీధంతా విన్నది. అందుకని ఆ మాట నమ్మడం జనానికి తేలికైంది. కాంట్రాక్టరుకు ఇంకా తేలికైంది. ఒక్క రాయి కూడా పైకి తీయించకుండా బావిని నేలమట్టం చేయించాడు.

అప్పటినుంచి నేను పెళ్ళాన్నో ముండమోసినదాన్నో నాకే తెలియదు. పేరంటానికి పిలవాలా వద్దా అని ఇరుగుపొరుగు గుమ్మం దగ్గర ఆగి గుసగుసలాడుకునేవాళ్ళు. నందిగామలో మా అత్త మాత్రం కొడుకు కోదాడలోనో సూర్యాపేటలోనో ఉన్నాడనే చెప్పేది. కర్మ చేద్దామని నోరెత్తిన వాళ్ళను తిట్టి పంపేది. ఫ్యాక్టరీ వాళ్ళు నాకు లారీలు తూచే కాటా గదిలో పని ఇచ్చారు, ఊడవడం, నీళ్ళు పట్టి పెట్టడం. ఎందుకు ఇస్తున్నారో వాళ్ళు చెప్పలేదు. నేనూ అడగలేదు.

తర్వాత కంప్యూటరు వచ్చింది. అసలు యంత్రం ఆఫీసులో ఏసీ గదిలో ఉండేది, చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. దాని తెరలు గేటులో, కాటాలో, ప్యాకింగులో, స్టోర్సులో పెట్టారు. వాటికీ యంత్రానికీ మధ్య నేలలో తీగలు వేశారు. కాటా తీగ నేరుగా వస్తే పూడ్చిన బావి మీదుగా రావాలి. తవ్వే వాళ్ళు ఆ జాగాలో గడ్డపార దించేది లేదన్నారు. గోడ వెంట చుట్టూ తిప్పి తెచ్చారు. ఆఫీసరు కూడా ఎందుకని గట్టిగా అడగలేదు. లారీల వాళ్ళ తీరూ అంతే. కాటా కోసం బారులు తీరి నిలబడినప్పుడు ఆ బావి జాగా మాత్రం వదిలేసేవాళ్ళు. వరసలో అక్కడొక లారీ పట్టేంత ఖాళీ. కొత్త డ్రైవరు తెలియక దూరితే వెనకవాడు హారను కొట్టి మరీ లేపేవాడు. నేను రోజంతా కిటికీలోంచి ఆ ఖాళీని చూస్తూ ఉండేదాన్ని. ఎవరో వచ్చి నిలబడతారని అట్టిపెట్టినట్టు ఉండేది.

కాటా తెర మీద అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. సాయంత్రం బడిలో తెలుగు అక్షరాలు నేర్చుకుంటున్న రోజులవి, నలభై దాటాక. ఇంగ్లీషు అక్షరాలు ఆ తెర దగ్గరే గుర్తుపట్టడం మొదలుపెట్టాను. నా చూపుకు సరిపోయేంత నెమ్మదిగా వచ్చేవి. కాటా గుమస్తా సాయిబు గారికి మాత్రం ఒళ్ళు మండిపోయేది.

"ఇది నమిలి మింగేలోపు లారీకి తుప్పు పడతదమ్మా," అనేవాడు.

"నీకన్నా నయం సాయిబు గారూ. నువ్వు టీ తాగడానికి పోతే అసలు రావు," అనేదాన్ని.

వచ్చిన ఇంజనీరు కుర్రవాడే, అయినా శ్రద్ధగా చూశాడు. గేటులో కొట్టిన లారీ నంబరే కాటాలో మళ్ళీ కొడుతున్నారని పట్టుకుని దాన్ని ఒకసారికి తగ్గించాడు. ఆఫీసులో పెద్ద పెద్ద కాయితాలన్నీ పొద్దున్నే అచ్చు తీస్తుంటే, లారీలు తగ్గాక తీసుకోమన్నాడు. మిగతా తెరలు బాగుపడ్డాయి. కాటా మాత్రం కదల్లేదు.

"తీగ మరీ పొడుగైందమ్మా. ఇంత దూరంలో వేగంగా పంపిస్తే అక్షరాలు చెడిపోతయ్. అందుకని నెమ్మదిగా పంపుతున్నారు. నేరుగా వేస్తే చాలు. ఎందుకిలా చుట్టూ తిప్పారు?" అన్నాడు.

సాయిబు గారు నా వైపు చూసి తల దించుకున్నాడు. చెప్పే బాధ్యత నామీదే పడింది. చెప్పాను. ఇంజనీరు చేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకుని విన్నాడు.

"అయితే వద్దులేమ్మా. వేరే దారి చూద్దాం," అన్నాడు.

"నేరుగానే వెయ్యి బాబూ. నేనేం అడ్డం రాను. కానీ ఎలాగూ తవ్వుతున్నారుగా, బావి అడుగు దాకా తవ్వించు. నాకు తెలియాలి."

ఆఫీసరును ఏం చెప్పి ఒప్పించాడో తెలియదు. సాయంత్రం లోపల తవ్వి చూసి పూడ్చేయమన్నారు.

తవ్వకానికి వేరే ఊరి మనుషులు వచ్చారు. మేస్త్రీకి సంగతి తెలియదు.

"తీగకి మోకాలి లోతు చాలు వదినా, మా వాళ్ళ నడుములు ఇరగ్గొడతావా?" అని నవ్వాడు. ఎవరో చెవిలో చెప్పాక మళ్ళీ నవ్వలేదు.

ఒక కుర్రాడు లోపల తవ్వుతుంటే వాడి పెళ్ళాం పైన తట్టతో మట్టి అందుకుంటోంది. పైట దోపుకుంది, కడుపుతో ఉంది. మధ్యాహ్నానికి బావి లోపలి గోడ రాయి బయటపడింది. అంటే సరిగ్గా బావి మీదే తవ్వుతున్నాం. కుర్రాడి తల నేలలోకి దిగిపోయింది. మాటలు మాత్రం పైకి వస్తున్నాయి.

"ఏం తగిలిందిరా?" అని మేస్త్రీ అరిచాడు.

"రాళ్ళు మామా. వాటి సందున గడ్డపార జర్రున దిగింది. కింద గుల్లగా ఉంది. ఇంకో రెండు రాళ్ళు లేపితే కనపడుద్ది."

ఇన్నేళ్ళకు రెండు రాళ్ళ దూరానికి వచ్చాను. అప్పుడే పక్క గోడలోంచి మట్టి పెళ్ళ ఊడి వాడి భుజం మీద పడింది. పెద్దదేం కాదు. వాడు దులుపుకున్నాడు. పైన వాడి పెళ్ళాం తట్ట వదిలేసి, రెండు చేతులూ నేలకు ఆనించి లోపలికి వంగింది. ఆ రోజు మా ఆయన జారినప్పుడు పైన ఎవరూ లేరు. వీడికి ఉంది.

"పైకి రా," అన్నాను.

"ఒక్క నిమిషం అమ్మా, ఇదుగో వచ్చేసింది."

"రారా పైకి! నీకు చెప్తుంటే వినపట్టంలా? మేస్త్రీ, వాణ్ణి లాగు ముందు."

లాగారు. వాడు గట్టు మీద నిలబడ్డాక ఇంకో పక్క మొత్తంగా కూలి, ఆ రాళ్ళ మీదే పడింది. ఆ అమ్మాయి మొగుడి వీపు మీద ఒక్కటి చరిచి ఏడ్చింది. పూడ్చేయమని నేనే చెప్పాను.

తీగను మోకాలి లోతులో నేరుగా వేశారు. తెర మీద అక్షరాలు ఇప్పుడు ఒక్కసారిగా పరుచుకునేవి. నాకు అందేవి కావు. సాయిబు గారు సంబరపడి అందరికీ టీ పోయించాడు. లారీలు ఆగకుండా కదిలిపోతున్నాయి. అయినా వరస కట్టిన రోజున ఆ జాగా వదలడం మాత్రం డ్రైవర్లు మానలేదు.

ఆదివారం బస్సెక్కి నందిగామ వెళ్ళాను. చిల్లకల్లు దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. అత్తకు ఏమని చెప్పాలా అని ఆలోచించి, ఉన్నది చెప్పడమే మంచిదనుకున్నాను. కబురు నాకన్నా ముందే చేరింది. అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తోంది.

"కనపడ్డాడా?"

"లేదత్తా."

"నే చెప్పలా! ఎక్కడో ఉన్నాడే వాడు. నువ్వే నమ్మవు."

"అడుగు దాకా తవ్వలేదు. నేనే ఆపించా."

మొహం మాడ్చుకుంది. "అంత దూరం పోయి ఎందుకాపించావే?"

"గట్టు జారింది. లోపల కుర్రాడున్నాడు. వాడి పెళ్ళాం కడుపుతో పైన నిలబడి ఉంది."

అత్త వీధి వైపు తిరిగింది.

"పిలవగానే పైకొచ్చాడా ఆ పిల్లోడు?"

"రాలేదు. తిట్టి లాగించాం."

"మావాడూ అంతే. పిలిస్తే ఓ పట్టాన పలికేవాడు కాదు," అని లేచి, నాకు అన్నం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఆవిడ పోయేదాకా కోదాడ మాట మళ్ళీ ఎత్తలేదు. కర్మ మాటా ఎత్తలేదు. మేమిద్దరం దాన్ని అలా వదిలేశాం. మీ ఆయన ఏం చేస్తాడని ఇప్పటికీ ఎవరైనా అడుగుతారు. ఫ్యాక్టరీలో ఉన్నాడని చెప్తాను.