గొంగడిలో ఇంకిన వాన

నా చిన్నప్పుడు ఒక గొంగడిని ఉతికి, ఆ సంగతి దాచాను. అందువల్ల మా చిన్నమ్మ చెయ్యి విరిగింది.

మాది అచ్చంపేట వైపు గొర్రెలు కాసే ఇల్లు. కొత్తగా బడిలో చేరిన రోజులు. ముసురుకు నేను మా చిన్నాయన గొంగడిని కప్పుకుని బడికి పోతే పిల్లలు ముక్కులు మూసుకుని, "గొర్రె వచ్చింది, గడ్డెయ్యుండ్రి" అన్నారు. ఎండ కాసిన రోజు చూసి దాన్ని వాగుకు తీసుకుపోయి, బట్టల మురికి తీసే సౌడు మన్ను రుద్ది, వాసన పోయేదాకా బండకేసి బాదాను. ఎండాక మళ్లీ కొయ్యకు తగిలించాను. మా ఇళ్లలో గొంగడిని దులిపి ఎండలో వేస్తారే తప్ప అలా ఉతకరు. ఎందుకని నేనెన్నడూ అడగలేదు.

రెండు రోజులకు పెద్ద వాన పడింది. మందతో పోయిన చిన్నాయన పొద్దుగూకే వేళకు వణుకుతూ వచ్చాడు. గొంగడి నీళ్లు తాగి బండలా బరువెక్కింది. దాని కింద కప్పి తెచ్చిన రెండు గొర్రెపిల్లలు చలికి కట్టెలైపోయాయి. వాటిని చిన్నమ్మ కాళ్ల ముందు విసిరాడు.

"ఉతికినవా దీన్ని?"

"నేను ముట్టలే. నీ మీదొట్టు."

"మరి నీ అన్నలొచ్చి ఉతికిండ్రా?"

మందను తోలే కట్టెతోనే కొట్టాడు. తల కాచుకోవడానికి ఆమె ఎత్తిన చేతి మీద దెబ్బ పడింది. గింజల గుమ్మి వెనక నక్కిన నాకు ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. పడిపోయిన మనిషిని కాలితో తన్నాడు. పెదవి చిట్లి గడప మీద నెత్తురు కారింది. తెల్లారితే పుట్టింటికి తోలేస్తానన్నాడు. నేను అంగీ కాలరు పళ్ల మధ్య బిగించుకుని నిలబడ్డాను.

పొద్దున మా అవ్వ, చిన్నాయన తల్లి, తన గొంగడినీ, చిన్నాయన గొంగడినీ అరుగు మీద పక్కపక్కన పరిచి అందరినీ పిలిచింది. చెంబులో వేళ్లు ముంచి చిలకరించింది. ఆమె గొంగడి మీద చుక్కలు జొన్నగింజల్లా గుండ్రంగా నిలిచాయి; కొస ఎత్తితే దొర్లి కిందపడ్డాయి. రెండోదాని మీద పడ్డ ప్రతి చుక్కా నల్లటి మరకై లోపలికి ఇంకిపోయింది.

"ఉన్నికి గొర్రె జిడ్డుంటది. గదే నీళ్లను లోపటికి పోనియ్యది. సౌడు రుద్ది గా జిడ్డు పోగొట్టిండ్రు. గొర్రెలోళ్ల ఇంట్ల పుట్టి పెరిగిన నీ పెండ్లాం గిట్ల చేస్తదారా? తెల్వనోళ్ల పని గిది," అంది. పేరు చెప్పలేదు. నా వంక చూసింది.

"నేనే ఉతికిన," అన్నాను.

చిన్నాయన కట్టె నా వీపు మీద మూడుసార్లు విరుచుకుపడింది. నాలుగోసారి లేవకముందే అవ్వ దాన్ని గుంజుకుని అతని పిక్కల మీద బాదింది.

"అడుగుడు లేదు, ఆగుడు లేదు. ఇంకెంతమంది చేతులు ఇరగ్గొడ్తవురా?"

ఆ తరువాత పుట్టింటి మాట ఎవరూ ఎత్తలేదు. చిన్నమ్మ మాత్రం విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, "నిన్ననే చెప్పకపోతివి కొడుకా," అంది. నా వీపు మంట కన్నా ఆ మాటే మండింది. నేను చేసిన తప్పును ఇంకొకరి మీద పడనివ్వకుండా చూసుకోవడం నాకు ఆ మాటతోనే అలవాటైంది.

ఆ చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆమె ఇక తిరగలి తిప్పలేకపోయింది. రోజూ తెల్లవారకముందే లేచి నేనే జొన్నలు విసిరేవాణ్ని. ఆడపిల్ల పనని తోటిపిల్లలు నవ్వినా మానలేదు. మా ఊరికి పిండిమర వచ్చేసరికి నాకు మీసాలొచ్చాయి. అన్నేళ్లూ చిన్నమ్మ ఎదురుగా కూర్చుని ఎడమచేత్తో గింజలు పోసింది. ఒక్కరోజూ వద్దనలేదు, చాలనీ అనలేదు.