ఎమ్మిగనూరు బస్టాండులో చీనీకాయల మెషిన్

1983 ఎండాకాలంలో మా సావుకారు నన్ను ఆదోని పండ్ల మండీ నుంచి ఎమ్మిగనూరు బస్టాండుకు మార్చాడు. హోదా మెషిన్ ఆపరేటర్. ఐదో తరగతి దాటనివాడికి ఇంగ్లీషు హోదా ఇస్తే అనుమానించాలి. నేను మీసం దువ్వుకున్నాను.

మెషిన్ అంటే నిలువెత్తు రేకు బీరువా. గూటికొక చీనీకాయ, అదే బత్తాయి. ప్రతి గూటికీ గాజు తలుపు, పక్కన కంత. కంతలో రూపాయి బిళ్ల వేస్తే ఆ తలుపు తెరుచుకుంటుంది. కాయలు నింపేది వెనక తలుపు నుంచి. దాని తాళంచెవి సావుకారు మొలతాడుకు ఉండేది. పొద్దున ఆయన వచ్చి తెరిచేవాడు, నేను నింపగానే తాళం వేసుకొని ఆదోనికి పోయేవాడు.

గంపల వ్యాపారంలో మధ్యాహ్నం ఏరివేత తప్పదు. మెత్తబడిన కాయలు తీసి పారేస్తాం. దానికి తాళంచెవి అడిగితే సావుకారు నవ్వాడు.

"కాయకూ కాయకూ నడమ గోడ ఉండాది గదరా, కుళ్లు యాడ అంటుకుంటాది?"

ఎండకు ఆ రేకు పెనంలా కాలేది. కాయ దానంతటదే ఉడికేది. అది ఆయనకు తెలియదని నేననుకోను. గాజు వెనక కాయను ఎవడూ నొక్కి చూడలేడు గదా!

ఒకరోజు ఆదోని బస్సు కదలబోతుండగా ఒక నేతగాడు పరుగున వచ్చి రెండు బిళ్లలు వేశాడు. రెండు కాయలూ ముందువైపు నిగనిగ, వెనకవైపు నీళ్లు.

"ఏమప్పా, నా పెండ్లాం కామెర్లొచ్చి ఆస్పత్రిలో పడుండాది. చీనీరసం తప్ప ఏమీ ఇముడ్తల్యా. ఈ కుళ్లు పిండి తాపమంటావా?"

"తాళంచెవి ఆదోనిలో ఉండాదన్నా."

"మరి నువ్వెందుకు ఈడ? దిష్టిబొమ్మగానా?"

నా కోపం చేతుల్లోకి వచ్చింది. రాయి తీసుకొని వరసగా గాజు తలుపులు పగలగొట్టాను. ఒక్కొక్క కాయా నొక్కి చూసి, గట్టివి రెండు అతని చేతిలో పెట్టాను. కదులుతున్న బస్సును అందుకొని ఎక్కాడు.

మరునాడు సావుకారు గాజుముక్కల మధ్య నిలబడి నామీద ఎగిరాడు.

"నీకిచ్చింది అమ్మే పనా, పగలగొట్టే పనా?"

"అమ్మేది నీ డబ్బా గదా సావుకారూ. నాకిచ్చింది తిట్లు తినే పని. కడుపు నిండింది."

ఆ పూటే నన్ను తీసేశాడు. తరువాత ఎన్నో పండ్ల కొట్లలో పనిచేశాను. చేరేముందు ప్రతిచోటా ఒకటే అడిగాను: చెడిన కాయను పారేసే అధికారం ఎవరిది? నాది కాదన్న చోట చేరలేదు.