నేను వంచిన నడుము

ఎన్నో ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. నోట్లోంచి రావడానికి క్షణం పట్టలేదు. దించుకోవడమే ఇప్పటిదాకా చేతకాలేదు. నా పేరు అడక్కండి. వినండి, చాలు.

పంతొమ్మిది వందల డెబ్భైల చివర్లో నేను జనగామలో ఒక హైస్కూల్లో డ్రిల్ మాస్టర్ని. హైదరాబాదులో కొన్నాళ్లు యోగా శిక్షణ పొంది వచ్చాను. నేర్చుకున్నది కొంచెం, తెచ్చుకున్న గర్వం చాలా. రోజూ పొద్దున్నే పిల్లల చేత ఆసనాలు వేయించేవాణ్ని. వాళ్లలో కొమురెల్లి అనే తొమ్మిదో తరగతి పిల్లవాడు జఫర్‌గఢ్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. ఎదురుచెప్పడం తెలియనివాడు. బహుశా అందుకేనేమో, వాణ్ని ముందు వరసలో నిలబెట్టాను.

జిల్లా అధికారి తనిఖీకి వస్తున్నాడన్నారు. నా పిల్లల్ని చూసి ఆయన మెచ్చుకోవాలి. ఇంకేమీ కనిపించలేదు నాకు. ఆ ఉదయం మిగతా పిల్లలు రాకముందే కొమురెల్లి కాళ్లు చాపి ముందుకు వంగాడు. నుదురు మోకాళ్లకు ఆనడం లేదు.

"సార్, జర ఆగున్రి. నడుముల గుంజుతుంది," అన్నాడు.

"ఏం కాదు, వంగు!"

వాడి వీపు మీద రెండు చేతులూ పెట్టి, నా బరువంతా వేసి నొక్కాను. వాడు అరవలేదు. లోపల ఏదో కలుక్కుమన్నట్టు నా అరచేతులకు తెలిసింది. ఆ తర్వాత వాడు లేవలేకపోయాడు. నేనే దవాఖానకు తీసుకెళ్లాను.

కబురందుకుని వాళ్ల బాపు దవాఖానకు ఉరికొచ్చాడు. "ఏమైంది సార్, నా కొడుక్కు?"

"చెట్టెక్కి పడ్డడు," అన్నాను.

ఆయన మంచం మీదికి వంగి, "గట్లనా బిడ్డా?" అని అడిగాడు. కొమురెల్లి నా వైపు చూశాడు. "ఔ బాపు," అన్నాడు.

ఎందుకన్నాడు? భయమా? నేను గురువుననా? నాకు తెలియదు. తెలుసుకోవాలని ఎన్నడైనా నిజంగా అనుకున్నానా? ఆ తండ్రి నా రెండు చేతులూ పట్టుకుని, "మీరే దగ్గరుండి తీస్కొచ్చిన్రు సార్," అని ఏడ్చాడు. అవే చేతులు. వెనక్కి తీసుకోలేదు.

తనిఖీ బాగా జరిగింది. కొమురెల్లి మళ్లీ బడికి రాలేదు.

కొన్నేళ్లకు నన్ను మహబూబాబాద్ బదిలీ చేశారు. ఒకరోజు స్టేషన్ ముందు చాయ్ హోటల్లో కూర్చుని ఉంటే, పక్కకు ఒరిగి నడుస్తూ ఒక యువకుడు గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు. "నమస్తే సార్. నేను కొమురెల్లిని." నాగలి పట్టలేక ఈ పనికి వచ్చాడట.

"బాపు పోయిండు సార్," అన్నాడు. "పానం పోయేదాంక, చెట్టెందుకెక్కినవ్‌రా అని తిడుతనే ఉండె." కాస్త దగ్గరికి జరిగి, నాకు ధైర్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "నేనైతే ఎవ్వరికీ చెప్పలే సార్."

అప్పుడైనా వాడి కాళ్ల మీద పడవలసింది కదా? "మంచిగున్నవా?" అని మాత్రం అడిగాను. చాయ్ తాగి లేచి వచ్చేశాను. మళ్లీ ఆ హోటల్ వైపు పోలేదు.

వాడిప్పుడెక్కడున్నాడో తెలియదు. ఆ తండ్రికి చెప్పుకునే దారి లేదు. మీకు చెప్పినంత మాత్రాన వాడి నడుము నిటారు కాదని తెలుసు. అయినా ఈ మాట బయటపెట్టాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకు మించి కోరే హక్కు నాకు లేదు.

కొమురెల్లి ఏ చెట్టూ ఎక్కలేదు. వాడు ఆగమన్నాడు. నేను ఆగలేదు.