నా దస్తూరి మీద కేసు

మా కొల్లేరు ఊళ్లలో అర్జీ రాయించుకోవాలంటే నా దగ్గరికే వస్తారు. నేను ఒక దినపత్రికకు మండల విలేకరిని. దస్తూరి గుండ్రంగా ఉంటుందనీ, ఆఫీసుల భాష వచ్చనీ, పాతికేళ్లుగా పింఛన్లకూ రోడ్లకూ మంచినీళ్లకూ నాతోనే రాయిస్తారు. సంతకాలు వాళ్లు పెట్టుకుంటారు, అర్జీ ఇచ్చిన వార్త నేను పంపుతాను. ఇన్నేళ్లలో ఇది తప్పని నాకెవరూ చెప్పలేదు. చెప్పింది పోలీసులే, అదీ లాకప్ పక్కన కూర్చోబెట్టి.

చేపల చెరువుల మురుగు మంచినీటి చెరువులోకి వదిలేస్తున్నారని ఒక ఊరి ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని ఏలూరు రోడ్డు మీద కూర్చున్నారు. ముందు రోజు వాళ్లలో పెద్దావిడ, వలల పని చేసీ చేసీ వేళ్లు వంకరపోయినావిడ, మా వరండాలో కూర్చుని చెబుతుంటే అర్జీ నేనే రాశాను. మర్నాడు పొద్దున మెడలో కార్డు వేసుకుని, ఫోన్‌తో వీడియో తీస్తూ రోడ్డు పక్కన నిలబడ్డాను. రోడ్డు మీద కాదండీ, పక్కన. ఈ ముక్క ఆ తరవాత ఎంతమందికి చెప్పానో! చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

ఎస్సై వచ్చి పెద్దావిడ చేతిలో అర్జీ తీసుకుని, ఎవరు రాశారని అడిగాడు. పాపం ఆవిడ, మంచి పని చేసినవాణ్ణి చూపిస్తున్నాననుకుని నా వైపు చెయ్యి చూపించింది.

“ఆ బాబుగారేనండీ. చక్కగా రాత్తారండి.”

అంతే. ఫోన్ లాక్కుని నన్నూ వాళ్లతో పాటు వ్యాన్ ఎక్కించారు. కార్డు చూపిస్తే, కార్డులు ఎవడైనా మెళ్లో వేసుకుంటాడన్నాడు ఎస్సై. రాసినవాడే రెచ్చగొట్టినవాడట. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టి, రాకపోకలకు అడ్డం పడ్డామని కేసు కట్టి, మొదటి ముద్దాయిగా నన్నూ రెండో ముద్దాయిగా పెద్దావిడనూ రాశారు. ఫోన్ తిరిగి ఇచ్చారు గానీ అందులో వీడియో లేదు. బయటికొచ్చి మా డెస్కుకు ఫోన్ చేస్తే, ముందు ఐటమ్ పంపండి సార్, పేజీ ఆగిపోయింది అన్నారు. నా అరెస్టు వార్త నేనే రాసి పంపాను. మర్నాడు ‘పలువురి అరెస్టు’ అని రెండు ముక్కల్లో వచ్చింది. ఆ పలువురిలో నేనున్నానని చదివినవాడికి తెలిసే దారే లేదు. తాడేపల్లిగూడెంలో వాళ్ల చెల్లెలింటికి వెళ్లిన మా ఆవిడకు మాత్రం వాట్సాప్‌లో ఫొటోతో సహా అందింది. ఇంటికొచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది. ఆ రెండు రోజులే నయమనిపించింది.

నాకు కావలసింది ఎంతని? కేసులోంచి నా పేరు తీసి, ఇతణ్ణి పట్టుకోవడం తప్పని ఎవరో ఒకరు కాగితం మీద సంతకం పెట్టాలి. ఎవర్నీ శిక్షించమని కూడా అడగలేదు, ఒక్క వాక్యం. ఏలూరు వెళ్లి పైఅధికారులకు ఫిర్యాదు ఇచ్చాను. విచారణ జరిపిస్తామన్నారు. నెలలు గడిచాక ఫోన్ వచ్చింది, విచారణకు స్టేషన్‌కు రమ్మని. ఏ స్టేషన్? అదే స్టేషన్! ఎవరి మీద ఫిర్యాదు పెట్టానో వాళ్ల బల్ల మీదికే అది చక్కగా వచ్చి కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

వెళితే స్టేషన్ రైటర్, అంటే అక్కడ రాతపని చూసే కానిస్టేబుల్, కుర్చీ వేసి టీ తెప్పించాడు. మంచివాడు కూడాను, తిట్టడానికి వీల్లేకుండా. నా ముందు తెల్లకాగితం పెట్టాడు.

“విచారణ రిపోర్టు మీరే రాసిపెట్టెయ్యండి సార్. నా దస్తూరి కోడి కెలికినట్టుంటాదండీ. పోలీసుల తప్పేమీ లేదని రాత్తే, మీ పేరు తీసెయ్యమని ఎస్సైగారు పైకి రాత్తారంట.”

“మరి ఆవిడ పేరు?”

“ఆవిడ గురించి ఏమీ చెప్పలేదండీ.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏ దస్తూరి పట్టుకుని నన్ను ముద్దాయిని చేశారో, ఆ దస్తూరితోనే తమ తప్పు లేదని రాయించుకుంటారట! అబద్ధమెందుకు, ఒక్క నిమిషం వాళ్లడిగినట్టే రాసిపారేద్దామనే అనిపించింది. కోర్టు వాయిదాలకు తిరిగీ తిరిగీ ప్రాణం విసిగిపోయి ఉంది. పెన్ను తీశాను. రోడ్డు పక్కన నిలబడి వార్త సేకరిస్తున్న విలేకరిని అకారణంగా అరెస్టు చేశారనీ, అతని ఫోన్‌లో వీడియో చెరిపేశారనీ, అర్జీ పట్టుకున్న ముసలావిడను కూడా ముద్దాయిని చేశారనీ, తప్పు పోలీసులదేననీ గుండ్రంగా రాసి, కింద విచారణ అధికారి సంతకానికి చోటు వదిలి ఇచ్చాను. రైటర్ మొత్తం చదివాడు. జరిగింది ఇదేనండీ అన్నాడు మెల్లగా. దీని మీద సంతకం ఎవరు పెడతారండీ అని కూడా అని, కాగితం మడిచి ఫైల్లో అడుగున పెట్టేశాడు.

అది ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. మొన్న వాయిదాకు వెళితే కోర్టు వరండాలో పెద్దావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. నీళ్లు ఇంకా అలాగే కంపు కొడుతున్నాయని, ఇంకో అర్జీ రాయాలని అడిగింది. అడిగి, నా మొహం చూసి వెనక్కి తగ్గింది.

“వద్దులెండి బాబూ. నా మూలంగా మళ్లీ మిమ్మల్ని పట్టుకెళతారు.”

ఆ మాటకు వచ్చినంత కోపం నాకు ఎస్సై మీద కూడా రాలేదు. తప్పు చేసినవాడు ఒక్కడూ ఒప్పుకోడు, ఏ తప్పూ చేయని ఈవిడ ‘నా మూలంగా’ అంటోంది. సంచిలోంచి కాగితం తీసి అక్కడే రాశాను. ఆవిడ వంకర వేళ్లతో పెన్ను పట్టుకుని సంతకం పెట్టింది. పాతికేళ్లలో మొదటిసారి, దాని పక్కన నేనూ పెట్టాను. అంతలో లోపల మొదటి ముద్దాయిని పిలిచారు. పెన్ను జేబులో పెట్టుకుని లేచాను.