‘అయ్యుండొచ్చు’ అన్న అయ్యగారు

మా అయ్యగారు ఇక లేరని మొన్న పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "రాత్రి నిద్రలనే పోయిండ్రు బిడ్డా. నువ్వు రావాలె" అంది. వనపర్తిలో ఆస్పత్రి డ్యూటీకి తయారై ఉన్నాను. ఆ యూనిఫాంతోనే బస్సెక్కాను.

వడ్డేపల్లి దగ్గరున్న మా ఊరి చర్చికి ఆయన పాస్టరు. నాకు పేరు పెట్టిందీ, బైబిలు చదవడం నేర్పిందీ ఆయనే. ఎంత బాగా ప్రసంగించేవారో ఇంకెవరైనా చెబుతారు. ప్రశ్న అడిగినవాళ్లతో ఆయన ఎలా ఉండేవారో నాకు తెలుసు.

నర్సింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో ఒకమ్మాయి నన్నడిగింది: యేసు సమాధి దగ్గర దేవదూత ఒక్కడని మత్తయి రాశాడు, ఇద్దరని లూకా రాశాడు, ఏది నిజం? ఎగతాళిగా అడగలేదు. అందుకే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. శనివారం ఊరికొచ్చి, ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ అదే అడిగాను.

"దేవుని మాటకే వంకలు పెడ్తవా?" అని సంఘపెద్ద ఒకాయన కసిరాడు.

అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. "అడగనియ్యి. లోపల్నే పెట్టుకుంటె పుండయితది."

అందరూ వెళ్లాక చర్చి మెట్ల మీద నన్ను కూర్చోబెట్టుకున్నారు. "నిన్న బస్సు కాడికి నీకోసం ఎవరొచ్చిండ్రు?"

"నాయనొచ్చిండు, అయ్యగారు."

"మీ చిన్నాయన గూడ ఉండె గద?"

"ఉండె. నేను నాయనతోనే మాట్లాడుకుంట వచ్చిన. గందుకే నాయన అన్న."

"మరి అబద్ధమాడినవా?"

నాకు నవ్వొచ్చింది. "మత్తయి గూడ ‘ఒక్కడే’ అని రాయలే బిడ్డా. మాట్లాడినాయన సంగతి రాసిండు" అన్నారు అయ్యగారు.

ధైర్యం వచ్చి ఇంకోటి అడిగాను. యేసును పట్టించిన యూదా ఉరి వేసుకున్నాడని ఒకచోట ఉంది, తలకిందులుగా పడి పొట్ట పగిలి చనిపోయాడని మరోచోట ఉంది. అయ్యగారు అన్నారు: "ఉరేసుకున్నంక తాడు తెగి పడ్డడని కొందరు చెప్తరు. అయ్యుండొచ్చు. ‘అయ్యుండొచ్చు’ అన్నదాన్ని ‘అయింది’ అని నీకు చెప్తె, నిన్ను గెలిపిస్తనేమో గానీ అబద్ధమాడినోన్ని అయిత."

ఆ మాటకే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది. తెలిసింది ఏది, అనుకున్నది ఏది అన్నది ఆయన ఎప్పుడూ కలిపేయలేదు.

తర్వాత కొన్నేళ్లకు ఆయన భార్య జబ్బుపడ్డారు. ఆమెను సంఘమంతా అమ్మగారు అనేవాళ్లం. కర్నూలు దవాఖానలో నేనూ కొన్నాళ్లు తోడున్నాను. సంఘమంతా ఉపవాసాలుండి ప్రార్థించింది. అమ్మగారు దక్కలేదు. సమాధి కార్యక్రమం అయ్యాక ఉండబట్టలేక అడిగాను. "అడిగితె దేవుడు ఇస్తడని రాసుంది గద, అయ్యగారు?"

ఆయన సమాధి మీది మట్టి సర్దుతూ అన్నారు: "దీనికి నా తాన జవాబు లేదు బిడ్డా. సిలువేసే ముంగటి రాత్రి తోటల యేసు గూడ, ఈ బాధల గిన్నె తీసెయ్యుమని తండ్రిని అడిగిండు. ఆ గిన్నె ఆయనకూ తప్పలే. గంతే తెలుసు నాకు."

తర్వాతి ఆదివారం ఆయన ఆ తోట భాగమే తెరిచి చదవసాగారు. సగానికొచ్చి చదవలేక ఆగారు. ముందు వరుసలో ఒక ముసలమ్మ తన బైబిల్లో అక్కడి నుంచి అందుకుని చదివింది. ఒక్కొక్కరే గొంతు కలిపారు. ఆయన కళ్లు మూసుకుని నిలబడి విన్నారు. జవాబు లేని ప్రశ్నతో కూడా దేవుని ముందు నిలబడవచ్చని ఆ రోజు చూశాను. నా నమ్మకం ఇప్పటికీ ఉందంటే ఆయన నా నోరు మూయించకపోవడం వల్లే.

మొన్న ఆయన్ను మట్టిలో పెట్టే వేళకు విత్తనాల కోసం వేసిన సీడుపత్తి చేలల్లో క్రాసింగ్ పని జరుగుతోంది. పూలకు పుప్పొడి అద్దే ఆడవాళ్లు పని ఆపి, కట్టిన ఒడి కూడా విప్పకుండా వచ్చారు. మట్టి వేయడానికి వంగినప్పుడల్లా పుప్పొడి కోసం ఒడుల్లో కోసుకున్న పత్తిపూలు జారిపడ్డాయి. ఎవరూ ఏరలేదు. ఎర్రమట్టితో పాటే ఆ లేతపసుపు పూలూ ఆయన మీద పడుతూనే ఉన్నాయి.