తోవలో కారకుండా

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్లో మొగిలమ్మ పని బస్తాల మూతులు కుట్టడం. ఆ ఘాటుకు తట్టుకోలేక ముఖానికి తువ్వాల చుట్టుకుని, దబ్బనం పట్టుకుని పొద్దుననగా కూర్చుంటే మధ్యాహ్నానికి మోకాళ్లు పట్టేస్తాయి. ఇరవై రెండేళ్లుగా అదే పని.

భర్త పోశయ్య అదే యార్డులో హమాలీ. కిడ్నీలు చెడిపోయాక వారానికి మూడుసార్లు ఆయన్ని డయాలసిస్‌కి తిప్పింది. ఆయన లోపల మంచం మీద ఉంటే, బయట బల్ల మీద నాలుగేసి గంటలు కూర్చునేది. అట్లా రెండేళ్లు. పోయిన శ్రావణంలో ఆయన చనిపోయాడు.

పదకొండో రోజున మరిది ఉప్పలయ్య అన్నాడు: "ఎట్లయిన పోయెటోడే గదొదినా. రెండేండ్లు ఊకెనే తిరిగితివి. నీ పానం గూడ అలిసిపాయె."

చెడ్డ మనసుతో అన్న మాట కాదు. అందుకే మొగిలమ్మకు కోపం రాలేదు. ఆ మాట మాత్రం లోపలే ఉండిపోయింది. అప్పటినుంచి పొద్దున్నే లేవాలన్నా, ఆటో ఎక్కాలన్నా, ఎందుకిదంతా అనిపించేది.

ఫిబ్రవరిలో ఒకరోజు లారీలో కొన్ని బస్తాలు చినిగాయని, కుట్టి రమ్మని గుమస్తా ఆమెను కోల్డ్ స్టోరేజీకి పంపాడు. అక్కడ షెడ్డులో అనూష అనే కూలీ, ఇద్దరు పిల్లల తల్లి, తడి మిరపకాయలు ఏరడానికి బస్తాల కుట్లు కోస్తోంది. అవి పొద్దున మొగిలమ్మ కుట్టినవే.

"ఎవలు కుట్టిన్రో గని, కోసెతందుకు నా చేతులు పోతానయ్" అని విసుక్కుంది అనూష.

"నేనే కుట్టిన."

"అయ్యో అవ్వా, ఏమనుకోకు! ఎట్లయిన ఇప్పేటియే గదా. జర వదులుగ కుడితె ఏంబోతది?"

"వదులుగ కుడితె తోవల కారిపోతది గద బిడ్డా. ఈడిదాంక రావాలె గదా."

ఆ మాట అన్నాక మొగిలమ్మకు డయాలసిస్ రోజులు గుర్తొచ్చాయి. దవాఖాన నుంచి వచ్చేటప్పుడు పోశయ్య ఆటోలో సొమ్మసిల్లి నిద్రపోయేవాడు. గుంతలొచ్చినప్పుడల్లా ఆయన నుదుటికీ ఇనుప కమ్మీకీ మధ్య ఆమె తన అరచెయ్యి అడ్డం పెట్టేది. చెయ్యి కమిలిపోయేది. ఆ రెండేళ్లలో ఆయన తలకు ఒక్కసారి కూడా దెబ్బ తగలలేదు.

ఏడుపు రాలేదు. అలసటా తగ్గలేదు. మరిది మాటకు ఇన్ని నెలలకు జవాబు దొరికినట్టు మాత్రం తోచింది. దాన్ని ఉప్పలయ్యకు చెప్పాలని కూడా అనిపించలేదు.

"కూసో అవ్వా. చాయ్ తాగుతవా?" అడిగింది అనూష.

"తాగుత. చక్కెర జర ఎక్కువెయ్యమను."

గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. చినిగిన బస్తాలు ఇంకా ఆరు ఉన్నాయి.