కొంగ గూటి మీద ఎండ

ఏ సంస్థానమో చెప్పను. గద్వాల వాళ్ళు వనపర్తి అనుకుంటారు, వనపర్తి వాళ్ళు కొల్లాపురం అనుకుంటారు, ఎవరికి వాళ్ళు తమది కాదని సంతోషిస్తారు. ఆ సంతోషం నేనెందుకు చెడగొట్టాలి? ఆ సంస్థానానికి అడవి అంచున ఒక షికారుతోట ఉండేది. కంచె వేసి, కావలి పెట్టి, జంతువునూ పిట్టనూ ఏడాది పొడుగునా కాపాడి, దొరలు వచ్చిన రోజున కాల్చిపారేసేవాళ్ళు. కాగితాల్లో మాత్రం దాన్ని జీవరక్షణ అని రాసుకునేవాళ్ళు. పెద్ద యుద్ధానికి ముందటి ఏడు, ఆ తోటలో పిట్టల పటాలు తీయడానికి నన్ను పిలిచారు.

నేను గద్వాలలో ఫోటోలు తీసేవాణ్ణి. మా ఇంట్లో అందరూ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని చీరలు నేసినవాళ్ళే. నేనొక్కణ్ణే ఆ గుంటలోంచి లేచి, కర్నూలు వెళ్ళి పాత కెమెరా ఒకటి కొనుక్కొచ్చి, బజారులో ఒక గదికి నల్లగుడ్డ కట్టాను. మా నాయన లెక్కలో నేను పని చేతకాక పారిపోయినవాణ్ణి. ఆ మాట తప్పని చూపించడానికి నాకు గది మీద ఒక బోర్డు కావాలి, దాని మీద 'దర్బారు ఫోటోగ్రాఫర్' అని ఉండాలి. ఒక్క మంచి పిట్ట పటం తీసిస్తే అది ఇప్పిస్తానని జంగలాతు అమీను, అంటే సంస్థానంలో అడవుల మీది అధికారి, మాటిచ్చాడు. హైదరాబాదు నుంచి రాబోయే తెల్లదొరకు ఇచ్చే ఆల్బంలో ఆ పటం మొదటి పేజీలో ఉండాలట. ఆ దొరకు పిట్టలంటే ప్రాణమట. పిట్టల ప్రాణం ఆయన తుపాకిలో ఉందని అందరికీ తెలుసు.

అమీను గురించి నాలుగు మాటలు చెబుతాను, ఐదో మాటకు ఆయన తగడు. తల మీద బెండు టోపీ, మెడలో దుర్బీను, చంకలో రంగుబొమ్మల ఇంగ్లీషు పిట్టల పుస్తకం. పుస్తకం చూసి పిట్టను గుర్తుపట్టేవాళ్ళు లోకంలో ఉన్నారు. ఈయన మాత్రం పుస్తకం ఒప్పు, పిట్ట తప్పు అని తేల్చేవాడు. తోట మధ్య కుంటలో తుమ్మచెట్లున్నాయి, వాటి మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్ళు పెట్టుకొని ఉన్నాయి. అమీను ఒకదాన్ని దుర్బీనులో చాలాసేపు చూసి పెదవి విరిచాడు.

"దీని ముక్కు పుస్తకంల ఉన్నంత పసుపు లేదు. అసలు జాతి గాదు ఇది."

కుంటకు కావలి ఒక ముసలాయన. అందరూ చాచా అనేవాళ్ళు. తండ్రి తర్వాత తనే ఆ కొంగలను కాస్తున్నాడు. ఆయన నా పక్కన నిలబడి, అమీనుకు వినపడకుండా, "పుస్తకం సదివి పుట్టలే బేటా అది" అన్నాడు.

అన్నిటికంటే కిందుగా ఉన్న గూడు చాచాయే చూపించాడు. ఎదురుగా ఉన్న చెట్టు మీద మంచె కట్టి, చుట్టూ గోనెలు వేలాడదీశాడు. నేను పైకెక్కి, నల్లగుడ్డ కప్పుకొని అద్దంలో చూశాను. రెండు పిల్లలున్నాయి, ఇంకా ఈకలు రాలేదు. తల్లి వాటి పక్కన నిలబడి ఉంది. గూటి మీదికి వంగిన కొమ్మల నీడలో అంతా మసక ముద్దగా కనిపించింది. నా లెన్సు ముసలిది, బొమ్మ పడే గాజు ప్లేట్లు మందకొడివి. ఆ సంగతి ఒప్పుకుంటే నా పనితనం ఏంగాను? ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేరం సూర్యుడి మీదికి నెట్టాను.

"అమీన్ సాబ్, వెల్తురు చాల్తలేదు" అని పైనుంచి కేకేశాను.

"చాచా, ఆ కొమ్మలు కొట్టేయ్" అన్నాడు అమీను.

"నీడ బోతది సాబ్. పిల్లలు పసివి. శివరాత్రి దాటింది, ఎండ సంపుతది."

"కొంగలకు గొడుగు గూడ పట్టాల్నా?" అని అమీను తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

చాచా తలెత్తి నా వైపు చూశాడు. వద్దు, ఉన్న వెలుతురులోనే తీస్తానని నేనొక్క మాట అంటే సరిపోయేది. నేను కెమెరా కాళ్ళు సర్దుకోవడంలో మునిగిపోయాను.

"తాళ్లు తెచ్చుకుంట" అన్నాడు చాచా నాతోనే. "బొమ్మ తీసుడు కాంగనే కొమ్మలు మల్ల కడ్త. జల్ది తియ్యి."

గొడ్డలి దెబ్బకు తల్లి లేచిపోయింది. కొమ్మలు పడ్డాక గూడు మీద ఎండ నేరుగా పడింది. కాసేపటికి తల్లి తిరిగి వచ్చి, సూర్యుడికి వీపు పెట్టి, రెక్కలు రెండూ విప్పి, తన నీడ పిల్లల మీద పడేట్టు నిలబడింది. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. రెండు ప్లేట్లు తీశాను. కానీ ఆ తల్లి ఎండకు నోరు తెరిచి ఒగరుస్తోంది, ఒళ్ళంతా అదురుతోంది. రెండూ అలుక్కుపోయి ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

అంతలో అమీనుకు ఆల్బంలో తాను కూడా ఉండాలని బుద్ధి పుట్టింది. గూటి కింద నీళ్ళలో, పుట్టి మీద నిలబడి, దుర్బీనుతో పైకి చూస్తున్నట్టు పటం కావాలన్నాడు. పుట్టి అంటే కృష్ణ దాటించే తోలు తెప్ప, గుండ్రంగా ఉంటుంది. కూర్చున్నవాడినే అది గిరగిరా తిప్పుతుంది, నిలబడ్డవాడిని వదులుతుందా? నడుము లోతు నీళ్ళలో చాచా దాన్ని పట్టుకొని నిలబడ్డా, నేను ప్లేటు పెట్టే వేళకు అమీను ముఖం బదులు వీపు కనిపించేది. టోపీ ఒకసారి నీళ్ళలో పడింది. దాన్ని తెచ్చి, పిండి, పెట్టుకొని, మళ్ళీ నిలబడ్డాడు. ఇంత తమాషా జరుగుతున్నంతసేపూ తల్లి కొంగ పైన గుండ్రంగా తిరుగుతూనే ఉంది, దిగలేదు.

"జల్ది కానియ్యున్రి సాబ్. తల్లి దిగాలె" అని చాచా రెండు మూడు సార్లు అన్నాడు.

అమీను పుట్టి దిగేసరికి ఆయనకు ఆకలేసింది. చాచా అప్పటికే తాళ్ళు భుజాన వేసుకున్నాడు.

"మీరు తినొచ్చేసరికి కొమ్మలు కడ్త సాబ్."

"కట్టి మల్ల కొడ్తవా? దిమాగుందా నీకు?" అని, అమీను నా వైపు తిరిగాడు. "అయిందా నీ పని?"

అయిందంటే కొమ్మలు మళ్ళీ చెట్టెక్కేవి. నాకు కనిపించింది కొమ్మలు కాదు, బోర్డు.

"ఇంకా కాలే సాబ్. ఒక్క ప్లేటుంది" అన్నాను.

డేరాలో పులావు పెట్టారు. బాగుంది. నేను రెండోసారి కూడా వడ్డించుకున్నాను. ఇది రాయడానికి సిగ్గేస్తోంది, కానీ రాయకపోతే అమీనుకూ నాకూ తేడా ఉందని చదివేవాళ్ళు పొరపాటు పడతారు.

తిరిగి వచ్చి మంచె ఎక్కి గుడ్డ కప్పుకున్నాను. కెమెరా అద్దంలో బొమ్మ తలకిందులుగా కనపడుతుంది. మేము తింటుండగా దిగినట్టుంది, తల్లి మళ్ళీ అలాగే రెక్కలు విప్పుకొని నిలబడి ఉంది. ఈసారి ఒగర్చడం లేదు. అసలు కదలడం లేదు. పిల్లల మెడలు గూటి పుల్లల మీదినుంచి వేలాడుతున్నాయి. రెండూ చచ్చిపోయాయి.

"ఇప్పుడు కదుల్తలేదు. తియ్యి, తియ్యి" అన్నాడు అమీను గట్టు మీద నుంచి.

కెమెరాను వేలెడు పైకి లేపాను, పిల్లల మెడలు పటంలో పడకుండా. తీశాను.

ఆ పటం అద్భుతంగా వచ్చింది. ఈకకు ఈక లెక్కపెట్టవచ్చు. అమీను దాని కింద 'తల్లి దీవెన' అని ఇంగ్లీషులో రాయించాడు. తెల్లదొర ఎంతో మెచ్చుకున్నాడట. ఆయన భార్య కళ్ళు తుడుచుకుందట. సంస్థానం ఉద్యోగులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మాతృప్రేమ అంటే ఇదీ అని నాకే పాఠం చెప్పారు. ఎద్దు పుండు కాకికి ముద్దు. ఆ కాకులను తిట్టడానికి నాకు నోరెక్కడిది, పుండు చేసింది నేనైతే? బోర్డు వచ్చింది. మా నాయన దాని కింద నిలబడి, అక్షరాలు కూడబలుక్కొని చదివి, దారిన పోయేవాళ్ళను ఆపి మరీ చూపించాడు. అమీను మూర్ఖుడు, ఆయనకు నీడంటే ఏమిటో తెలియదు. నాకు తెలుసు. అందుకే ఆయన మీద ఉన్నంత అసహ్యమూ పోగేసినా, నా మీద నాకున్న దానిలో సగానికి రాదు.

ఆ రోజు మంచె దిగాక జరిగింది మాత్రం మా నాయనకు కూడా చెప్పలేదు. అమీను బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. చాచా పొద్దున కొట్టిన కొమ్మలను భుజాన వేసుకొని నీళ్ళలోకి దిగుతున్నాడు. ఆకులు వాడిపోయి ఉన్నాయి.

"ఇంకెందుకు చాచా? పిల్లలు పోయినయి గద" అన్నాను.

"ఎర్కనే బేటా" అన్నాడు, నా వైపు చూడకుండానే. "నీడ జేస్తే ఆ తల్లి రెక్కలు దించుకుంటది. ఎంతసేపని నిలబడ్తది."

చెట్టు కిందికి వెళ్ళి, తాడు ఒక కొస కొమ్మకు చుట్టి, రెండో కొస నా వైపు చాపాడు.

"జర పట్టుకో."

నా చేతుల్లో ప్లేట్ల పెట్టె ఉంది. కింద పెట్టడానికి పొడి గట్టు కూడా ఉంది. బండి దగ్గర నుంచి అమీను పిలిచాడు, నేను వెళ్ళిపోయాను.